పూడిక కషాయానికి కరగదు

కప్పు అల్లం రసం, కప్పు వెల్లుల్లి రసం, కప్పు నిమ్మరసం, కప్పు యాపిల్ సిడర్ వెనిగర్. నాలుగూ కలిపి మూడు కప్పులయ్యేదాకా మరిగించి, చల్లారాక తేనె కలిపి, పరగడుపున చెంచాడు తాగితే గుండెలో బ్లాకులు కరిగిపోతాయట. హైదరాబాద్ ఇందిరా పార్కు వాకర్లకూ, నారాయణగూడ, చిక్కడపల్లి అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపులకూ ఈ కొలతలు కంఠతా వచ్చేశాయి. తాగితే తాగారు, స్టెంట్ పడినవాళ్లు కూడా దీన్ని నమ్ముకుని కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు మానేస్తున్నారే, నా బాధంతా అదీ!

పూడిక అంటే సింకు పైపులో పట్టిన జిడ్డు కాదు. అది రక్తనాళపు గోడ లోపల పెరుగుతుంది. గోడలోకి దూరిన ఎల్‌డీఎల్ అనే చెడు కొలెస్ట్రాల్‌ను తినడానికి మాక్రోఫేజ్‌లనే రక్షణ కణాలు వస్తాయి. తిని తిని నురుగు కణాలుగా ఉబ్బి, అక్కడే చచ్చిపోతాయి. మొదట్లో తోటి కణాలు ఆ శవాలను మింగి శుభ్రం చేస్తాయి. కొవ్వు వచ్చిపడుతూనే ఉంటే ఆ పని వాటివల్ల కాదు. మిగిలిపోయిన శవాలు పగిలి, లోపలి కొవ్వు ఒలికి, వాపు పెరిగి, పూడిక నడుమ గుజ్జు చేరుతుంది. దాని మీద పీచు పొర 65 మైక్రాన్లకన్నా పలచబడిందంటే చిట్లే ముప్పు ఎక్కువ. చిట్లితే ఆ గుజ్జు తగిలి రక్తం గడ్డకడుతుంది. గుండెపోటు చాలామందికి వచ్చేది ఇలాగే. పొట్టలో అరిగిపోయే చెంచాడు కషాయం ఆ గోడలోకి ఏ దారిన వెళ్తుంది?

‘నా బ్లాక్ 40 శాతమే’ అని నిశ్చింతగా ఉండకండి. చిట్లేవాటిలో చాలా పూడికలు అంతకుముందు నాళాన్ని పెద్దగా మూసినవి కావు.

పూడికలో రక్షణ కణాల పాత్ర ఉందన్నానని ఇమ్యూనిటీ పొడులు కొనకండి, అవి గుండెను కాపాడవు. 2017లో వెలువడిన కాంటోస్ పరీక్షలో, అంతకుముందు గుండెపోటు వచ్చిన పదివేల మందిపై వాపును అణిచే మందు ప్రయత్నించారు. కొలెస్ట్రాల్ తగ్గకుండానే గుండెపోట్లు తగ్గాయి. ప్రాణాంతకమైన ఇన్ఫెక్షన్లు మాత్రం పెరిగాయి. ఇది పొడులతో ఆడుకునే వ్యవహారం కాదు.

సన్నగా ఉంటే పూడిక రాదన్నది తప్పు. శాకాహారులకు రాదన్నదీ తప్పే. కుర్రాళ్లకు రాదా? కొరియా యుద్ధంలో చనిపోయిన, సగటున 22 ఏళ్ల అమెరికా సైనికుల్లో 77 శాతం మంది గుండె నాళాల్లో పూడిక ఆనవాళ్లు కనబడ్డాయని 1953లోనే తేలింది. అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి చదువుతూ టీతోపాటు సిగరెట్ వెలిగించే పాతికేళ్ల తమ్ముళ్లూ, ఇది మీకే.

వెల్లుల్లికి ఒక్క మార్కు వేయక తప్పదు. కొలెస్ట్రాల్‌ను కాస్త తగ్గిస్తుంది. పప్పులో వేసుకోండి, స్టాటిన్‌కు బదులుగా మాత్రం కాదు. స్టాటిన్ కొవ్వు రాకను తగ్గించి, పీచు పొరను గట్టిపరుస్తుంది. స్టెంట్ ఉన్నవాళ్లు ఎల్‌డీఎల్ 55 లోపు ఉందో లేదో చూపించుకోండి. ఒళ్లునొప్పులొస్తే డాక్టర్‌కు చెప్పి మందో మోతాదో మార్పించుకోండి, మీ అంతట మీరు ఆపొద్దు. ఛాతీలో బరువుగా ఉండి చెమటలు పడితే గ్యాస్ అనుకుని సోడా తాగుతూ కూర్చోకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.