మీకు తెలుసా? తెర మీది రాక్ క్లాసులో అందరూ మ్యూట్‌లోనే!

మా గిటార్ క్లాసు శనివారం పొద్దున్నే ఏడింటికి. హైదరాబాద్, కాకినాడ, న్యూజెర్సీ అన్నీ కలిపి పదకొండు మందిమి. నేర్చుకునేవి అరవైలు, డెబ్బైల నాటి రాక్ పాటలు. మొదటి రోజు మాస్టారు అందరినీ మైకులు ఆన్ చేసి ఒకేసారి చప్పట్లు కొట్టమన్నారు. రేకుల షెడ్డు మీద వడగళ్లు పడ్డట్టు వినిపించింది. "ఇదీ మన ఇబ్బంది. ఇక మైకులు ఆపేయండి" అన్నారాయన. ఆ ఇబ్బంది ఏమిటో తెలుసుకోబోయి నేను పోగేసుకున్న సంగతులివి.

● శబ్దం గాలిలో సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది. అంటే పది మీటర్ల అవతల ఉన్న డ్రమ్మర్ దెబ్బ మన చెవిన పడటానికి సుమారు 30 మిల్లీసెకన్లు కావాలి. కలిసి వాయించేవాళ్లు ఇంచుమించు అంతవరకు సర్దుకుపోతారు. అది దాటితే ఒకరి కోసం ఒకరు ఆగుతూ, పాట నడక తగ్గిపోతూ వస్తుంది. మరి ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి? సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి న్యూజెర్సీ దాదాపు 13 వేల కిలోమీటర్లు కాబట్టి, తీగ సూటిగా వేసినా వెళ్లడానికే 65 మిల్లీసెకన్లు. కంప్యూటర్లు శబ్దాన్ని ముక్కలు చేసి పంపి, అవతల మళ్లీ అతికించడానికి పట్టే సమయం దీనికి అదనం. అంతా కలిసి పావు సెకను అయిందనుకోండి, నిమిషానికి 120 దెబ్బల పాటలో సగం దెబ్బ వెనకబడ్డట్టే. ఎంత ఖరీదైన కనెక్షన్ తీసుకున్నా కాంతిని తొందరపెట్టలేం. అందుకే మాస్టారి గిటార్ ఒక్కటే అందరికీ వినిపిస్తుంది, ఎవరింట్లో వాళ్లం దానితో కలుపుతాం.

● ఊళ్లు దగ్గరైతే మాత్రం దారి ఉంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో క్రిస్ చేఫ్ బృందం తయారుచేసిన జాక్‌ట్రిప్, ఉచితంగా దొరికే జామ్యులస్ అనే సాఫ్ట్‌వేర్లు సరిగ్గా ఇందుకోసం పుట్టినవే. వైఫై వద్దు, కేబుల్ పెట్టాలి. చెవికి హెడ్‌ఫోన్లు తప్పనిసరి.

● మీటింగ్ యాప్‌కి మాట ముఖ్యం. ఫ్యాను, మిక్సీ లాంటి ఎడతెగని మోతల్ని అది వడకట్టేస్తుంది. డిస్టార్షన్ పెట్టి సాగదీసిన గిటార్ స్వరం కూడా దాని లెక్కలో అలాంటి మోతే. రెండో వారం మాస్టారు నన్ను ఒక్కడినే వాయించమన్నారు. మూడో తీగని ఏడో ఫ్రెట్ దగ్గర నొక్కి, పైకి లాగి పట్టుకున్నాను. నా గదిలో స్వరం నిండుగా ఉంది, వేలి కింద తీగ ఇంకా వణుకుతోంది. అవతల వాళ్లకి ఒక్క క్షణం వినిపించి, సన్నబడి, మాయమైపోయిందట. సెట్టింగ్స్‌లో 'ఒరిజినల్ సౌండ్' లాంటి మీట ఉంటే నొక్కండి. సంగీతం నేర్చుకునేవాళ్లకి ముందు చెప్పాల్సింది ఇదే.

● అలా తీగ లాగడాన్ని రాక్ వాళ్లు 'బెండ్' అంటారు. మన వీణ వాళ్లకి కొత్తేం కాదు, మెట్టు మీద తీగని పక్కకి లాగి గమకం పలికించడం వాళ్ల నిత్య సాధన. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ కర్ణాటక సంగీతానికి ఎలక్ట్రిక్ మాండలిన్ ఎంచుకున్నారు. మామూలు మాండలిన్ నాదం చప్పున ఆరిపోతుంది, గమకానికి నిలిచే నాదం కావాలి.

● రాక్ గిటారిస్ట్ టోనీ అయోమీ కథ విన్నాక నా వేళ్ల నొప్పి గురించి మాట్లాడటం మానేశాను. బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో పనికి చివరి రోజు, పదిహేడేళ్ల వయసులో, కుడిచేతి మధ్యవేలు, ఉంగరపు వేలి కొసలు తెగిపోయాయి. ఆయనది ఎడమచేతి వాటం కనుక తీగలు నొక్కాల్సింది ఆ వేళ్లే. ప్లాస్టిక్ సీసా కరిగించి తొడుగులు చేసుకున్నాడు, పైన తోలు అతికించాడు, సన్నని తీగలు వేసుకున్నాడు. తర్వాత శ్రుతి మూడు మెట్లు దించాడు, తీగలు వదులై వేళ్లకి లొంగాయి. 1971 నాటి 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ' ఆల్బంలో వినపడే ఆ బరువైన మోత అలా వచ్చిందే.

● గిటార్ పట్టిన ప్రతివాళ్లూ మొదట వాయించే 'స్మోక్ ఆన్ ద వాటర్' పాట నిజంగా జరిగిన అగ్నిప్రమాదం గురించే. 1971 డిసెంబరు 4న స్విట్జర్లాండ్‌లోని మాంట్రోలో ఫ్రాంక్ జప్పా కచేరీ జరుగుతుండగా ఎవరో ఫ్లేర్ పేల్చారు. క్యాసినో కాలిపోయింది. అక్కడ రికార్డింగుకి వచ్చిన డీప్ పర్పుల్ వాళ్లు జెనీవా సరస్సు మీద పరుచుకున్న పొగని కళ్లారా చూశారు. పాట మొదట్లో వచ్చే రిఫ్‌ని వాళ్ల గిటారిస్ట్ రిచీ బ్లాక్‌మోర్ పిక్‌తో కాకుండా వేళ్లతో రెండేసి తీగలు కలిపి మీటాడు. పై వరసలో ఉన్నవి నాలుగే స్వరాలు: షడ్జమం, సాధారణ గాంధారం, రెండు మధ్యమాలు. రాక్ సోలోల్లో ఎక్కువగా నడిచే మైనర్ పెంటటానిక్ స్కేలు ఎక్కుతూ దిగుతూ చూస్తే మన శుద్ధ ధన్యాసి స్వరాలే. గమకాలు లేకుండా రాగం అనలేం గానీ, చిన్నప్పుడు నాలుగు కీర్తనలు నేర్చిన మా క్లాసులోని కాకినాడ ఆవిడకి ఆ స్కేలు ఒక్క రోజులో వచ్చేసింది.

● పింక్ ఫ్లాయిడ్ 1973 నాటి 'మనీ' ఏడు దెబ్బల లెక్క. తకిట తకధిమి అనుకుంటూ కూర్చుంటే, అదే మిశ్రచాపు లెక్క! గిటార్ సోలో దగ్గర మాత్రం నాలుగుకి మారుతుంది, అక్కడే మేమంతా తప్పుతాం. లెడ్ జెప్పెలిన్ 'కశ్మీర్'లో డ్రమ్ములు నాలుగులో, గిటార్ మూడులో నడిచి పన్నెండో దెబ్బ తర్వాత కలుస్తాయి. ఆ పాట మాటలు రాసేనాటికి వాళ్ల గాయకుడు రాబర్ట్ ప్లాంట్ కశ్మీర్ చూడలేదు. మొరాకో ఎడారి దారిలో పోతుండగా పుట్టినవి.

● బీటిల్స్ కుర్రాళ్లకి 'ఈ', 'ఏ' కార్డ్‌లు వచ్చు, బీ సెవెన్ రాదు. లివర్‌పూల్‌లో అటు చివర ఎవరికో వచ్చని విని, బస్సెక్కి వెళ్లి నేర్చుకొచ్చామని పాల్ మెకార్ట్నీ చెప్పాడు. ఒక్క కార్డ్ కోసం! 1957లో వచ్చిన బర్ట్ వీడన్ పుస్తకం 'ప్లే ఇన్ ఎ డే' ముందేసుకుని ఇంట్లో కూర్చుని మొదలుపెట్టినవాళ్లలో జార్జ్ హారిసన్, ఎరిక్ క్లాప్టన్ ఉన్నారు. గురువు ఎదురుగా లేకుండా నేర్చుకోవడం రాక్‌లో మొదటి నుంచీ ఉన్నదే.

● ఒకేసారి వాయించకుండానే కలిసి వాయించినట్టు చేయడమూ అంతే. 1975లో వచ్చిన 'బొహీమియన్ రాప్సడీ' పాటలో గుంపుగా వినిపించే గొంతులు నిజానికి ముగ్గురివే. ఫ్రెడ్డీ మెర్క్యురీ, బ్రయన్ మే, రోజర్ టేలర్ పాడిందాని మీదే మళ్లీ మళ్లీ పాడి, పొరలు పొరలుగా టేపుకెక్కించారు. మే చేతిలోని గిటార్ సైతం తండ్రితో కలిసి ఇంట్లో చెక్కిందే. మెడకి పాత పొయ్యిగూటి చెక్క, గుర్తులకి అమ్మ కుట్టు డబ్బాలోని ముత్యపుచిప్ప గుండీలు.

మా క్లాసూ ఆ పద్ధతికే వచ్చింది. మాస్టారు క్లిక్ ట్రాక్ పంపుతారు, చెవిలో అది వింటూ ఎవరి భాగం వాళ్లు ఫోన్‌లో రికార్డు చేసి పంపుతాం, ఆయన పేరుస్తారు. పోయిన వారం పదకొండు గిటార్లూ ఒక్క చోట మొదటిసారి విన్నాం. నాది వెంటనే గుర్తుపట్టాను. రెండో చరణంలో కార్డ్ మారే చోట అందరికంటే ఓ వెంట్రుకవాసి వెనక వస్తున్నది నాదే. అది మళ్లీ వాయించి బుధవారంలోగా పంపాలి.