మార్కులడగని తండ్రి

పుట్టిన బిడ్డ తల్లికి ఏమిస్తుంది? కంటికి నిద్ర లేకుండా చేస్తుంది. కట్టుకున్న చీర తడిపేస్తుంది. అమ్మ పేరేమిటో కూడా దానికి తెలియదు. అయినా ఆ తల్లి అర్ధరాత్రి లేచి ఉయ్యాల ఊపుతుంది. బిడ్డ ఒళ్లు జ్వరంతో కాలిపోతుంటే తడిగుడ్డ వేస్తూ తెల్లవార్లూ కూర్చుంటుంది. ‘నువ్వు నాకేం చేశావని నీకింత చేయాలి?’ అని పాలు తాగే పసికందును ఏ తల్లీ నిలదీయదు. ఆ బిడ్డ తనది. ప్రేమించడానికి ఆమెకు ఆ ఒక్క కారణం చాలు.

దేవుడు తన ప్రేమ ఎలాంటిదో చెప్పవలసి వచ్చినప్పుడు ఎన్నోసార్లు ఈ పెంపకాన్నే చూపించాడు. అరణ్యంలో ఇశ్రాయేలీయులు నడిచిన దారి పొడవునా, తండ్రి కొడుకును ఎత్తుకున్నట్టు దేవుడు వారిని ఎత్తుకుని తెచ్చాడని మోషే గుర్తుచేశాడు (ద్వితీయోపదేశ 1:31). కాళ్లు నొప్పెట్టి మొరాయించిన పిల్లాణ్ణి భుజాన వేసుకుని నడిచే నాన్నను చూసినవారికి ఈ మాటను విడమరచి చెప్పక్కర్లేదు. క్రీస్తుకు పూర్వం 8వ శతాబ్దంలో ఉత్తర ఇశ్రాయేలులో ప్రవచించిన హోషేయ మరింత లోతుకు వెళ్లాడు. చేయి పట్టుకుని నడక నేర్పిన బిడ్డే తననుంచి నడిచి దూరమైపోయాడని దేవుడు బాధపడటం ఆయన గ్రంథం 11వ అధ్యాయంలో కనిపిస్తుంది. బిడ్డ చేసింది ద్రోహమే, శిక్ష న్యాయమే. అయినా వదులుకోవడానికి ఆ తండ్రికి మనసు రాదు. ఆ అధ్యాయమంతా ఆ తల్లడింపే.

తప్పటడుగులు వేసి పడిపోయిన బిడ్డను చూసి చప్పట్లు కొట్టి, మళ్లీ లేవమని ముద్దు చేసే ఇల్లే, ఆ బిడ్డ పదో తరగతికి వచ్చేసరికి మారిపోతుంది. ర్యాంకు వస్తే నవ్వు, రాకపోతే మౌనం. పక్కింటి పిల్లాడితో పోలిక. ‘నీ మీద ఎంత ఖర్చు పెట్టామో తెలుసా?’ అనే లెక్క. కృపను గురించి ఆదివారం ఆరాధనలో గొంతెత్తి పాడే కుటుంబంలోనే సోమవారం నుంచి శనివారం దాకా మార్కుల ధర్మశాస్త్రం నడుస్తుంది. తల్లిదండ్రుల మనసులో ప్రేమ లేదని కాదు. ఉంది. కానీ ఆ ప్రేమ మార్కుల వెంటే వస్తుందని బిడ్డ నమ్మేస్తున్నాడు. అదే ప్రమాదం.

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వెలువడిన కొద్దిరోజుల్లోనే ఇరవై మంది దాకా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఫలితాల తయారీలో పొరపాట్లు జరిగాయని తర్వాత విచారణలో బయటపడింది. ఇలాంటి ఒక్కో మరణం వెనుక ఎన్నో కారణాలుంటాయి. కడుపుకోతతో కుమిలే తల్లిదండ్రులను వేలెత్తి చూపడం క్రైస్తవ ధర్మం కాదు. కానీ ఈ ప్రశ్న మాత్రం మనందరి ఇళ్ల ముందూ నిలబడి ఉంది. ఓడిపోయిన రోజున మన బిడ్డ అడుగులు ఎటు పడతాయి? ఇంటి వైపా, ఇంటికి దూరంగానా?

యేసుప్రభువు చెప్పిన తప్పిపోయిన కుమారుని ఉపమానం సరిగ్గా ఈ ప్రశ్న దగ్గరే మొదలవుతుంది (లూకా 15:11-32). చిన్నకొడుకు తండ్రి బతికుండగానే ఆస్తిలో తన వాటా అడిగాడు. దూరదేశం వెళ్లి అంతా తగలేశాడు. యూదులు అపవిత్రమని ముట్టని పందులను మేపే స్థితికి దిగజారాడు. ఆకలితో అలమటిస్తున్నవేళ అతనికి గుర్తొచ్చింది తండ్రి ఇల్లు. ‘నాన్న చంపేస్తాడు’ అనే భయమొక్కటే అతని మనసులో ఉండివుంటే ఆ కొడుకు పందుల మధ్యే చచ్చిపోయేవాడు. కనీసం పనివాడిగానైనా పెట్టుకుంటాడన్న ఆశే అతణ్ణి లేపి నడిపించింది.

ఆ తర్వాత జరిగిన సంగతుల వరుసను మనం జాగ్రత్తగా గమనించాలి. కొడుకు ఇంకా దూరంగా ఉండగానే తండ్రి చూశాడు. కనికరపడ్డాడు. పరుగెత్తాడు. మెడమీద పడి ముద్దు పెట్టుకున్నాడు. ఇదంతా 20వ వచనం. కొడుకు తన పాపం ఒప్పుకున్నది 21వ వచనంలో! ముందు కౌగిలి, తర్వాతే ఒప్పుకోలు. దారిపొడవునా కూర్చుకున్న మాటలు కొడుకు నోట పూర్తికాకముందే తండ్రి మంచి బట్టలు, ఉంగరం, చెప్పులు తెమ్మని పురమాయించాడు. పనివాడిగా చేరదామని వచ్చినవాడు కొడుకుగానే ఇంట్లో అడుగుపెట్టాడు.

దీని పక్కనే దావీదు కథ పెట్టి చూస్తే ఈ తండ్రి గొప్పతనం ఇంకా బాగా తెలుస్తుంది. అన్న అమ్నోనును చంపించి గెషూరుకు పారిపోయిన అబ్షాలోము అక్కడ మూడేళ్లున్నాడు. దావీదు అతణ్ణి యెరూషలేముకు రప్పించాడు గానీ రెండేళ్లపాటు ముఖం చూడనివ్వలేదు (2 సమూయేలు 14:28). ఊళ్లోకి రానిచ్చాడు, ఇంట్లోకి రానివ్వలేదు. సగం క్షమాపణ అది. ఆ దూరంలోనే అబ్షాలోము గుండె గట్టిపడి, చివరికి తిరుగుబాటు దాకా వెళ్లింది. నేటికీ ఇలాంటి ఇళ్లు మన సంఘాల్లో ఉన్నాయి. వేరే కులంలో పెళ్లి చేసుకుందని కూతురిని ఏళ్ల తరబడి గడప తొక్కనివ్వని విశ్వాసులున్నారు. మనవడు పుట్టాడని తెలిసినా ఫోన్ ఎత్తని తాతలున్నారు. ప్రభువు బల్ల దగ్గర రొట్టె విరిచి పంచుకునే చేతులే ఇంటి తలుపు మూసేస్తే, ఆ బిడ్డలకు దేవుని ప్రేమను ఎవరు నమ్మించగలరు?

షరతులు లేని ప్రేమ అంటే తప్పును తప్పనకపోవడమని కొందరి భయం. బైబిలు అలా చెప్పదు. ప్రభువు తాను ప్రేమించేవారినే శిక్షించి సరిదిద్దుతాడని హెబ్రీ పత్రిక 12వ అధ్యాయం బోధిస్తుంది. మరో కొడుకు అదోనీయాను దావీదు ఎన్నడూ మందలించలేదని 1 రాజులు 1:6 చెబుతుంది. ఆ ముద్దు కూడా ఆ ఇంటికి మేలు చేయలేదు. మందలించాలి. కానీ ‘నువ్వు చేసింది తప్పు’ అనడం వేరు, ‘నువ్వు నా కొడుకువే కాదు’ అనడం వేరు. మొదటిది బిడ్డను దిద్దుతుంది. రెండోది బిడ్డను అనాథను చేస్తుంది.

అమ్మానాన్నల నుంచి దెబ్బలు, తిట్లు తప్ప ఏమీ ఎరుగనివారు ఈ మాటలు చదువుతూ ఉండవచ్చు. ‘తండ్రి’ అనే పిలుపే వారి గుండెలో ముల్లులా గుచ్చుకోవచ్చు. దేవుడు మన తల్లిదండ్రులకు నకలు కాడు. తల్లి తన చంటిబిడ్డను మరచినా తాను మరవనని ఆయన యెషయా ద్వారా అభయమిచ్చాడు (49:15). తల్లీతండ్రీ విడిచినా యెహోవా చేరదీస్తాడని 27వ కీర్తనలో దావీదు సాక్ష్యమిచ్చాడు. మంచి తల్లిదండ్రులు ఆ ప్రేమకు ఒక చిన్న ఆనవాలు మాత్రమే.

ఉపమానంలోని పెద్దకొడుకును కూడా మరచిపోకూడదు. అతడు ఇల్లు విడవలేదు, ఆజ్ఞ మీరలేదు. కానీ తండ్రి దగ్గర కొడుకులా కాక కూలివాడిలా బతికాడు. తనకు రావలసిన మేకపిల్ల లెక్క అతని దగ్గర సిద్ధంగా ఉంది. తండ్రి అతనికోసం కూడా బయటికి వచ్చి బతిమాలాడు. ఏళ్ల తరబడి గుడికి వస్తూ, దశమభాగం ఇస్తూ, దేవుడు తమకు బాకీపడ్డాడనుకునేవారికి ఆ పిలుపు ఇంకా వినబడుతూనే ఉంది.

అబ్షాలోము చనిపోయాడని విన్న రోజు దావీదు, కొడుకు బదులు తాను చనిపోయి ఉంటే బాగుండునని ఏడ్చాడు (2 సమూయేలు 18:33). ఏ తండ్రి గుండెలోనైనా ఉండే కోరికే అది. దావీదు కోరుకోగలిగాడే గానీ చేయలేకపోయాడు. మనం ఇంకా పాపులుగా ఉండగానే తన కుమారుణ్ణి మనకోసం అప్పగించి దేవుడు దాన్ని చేసి చూపించాడు (రోమా 5:8). మనం మారిన తర్వాత కాదు, మారతామన్న హామీ తీసుకుని కాదు. సిలువ అంటే అదే.

ఆ ప్రేమను ఉచితంగా పొందినవారు దాన్ని ఇంట్లో అమ్ముకోకూడదు. ఫలితాలు వచ్చాక ఓదార్చడం మంచిదే. అంతకన్నా మంచిది, ఫలితాలు రాకముందే ‘ఏం వచ్చినా నువ్వు మా బిడ్డవే, నేరుగా ఇంటికి వచ్చేయ్’ అని చెప్పడం. బిడ్డ దిగులుగా ఉంటే ప్రార్థించడంతోపాటు పక్కన కూర్చుని వినాలి, అవసరమైతే వైద్యుల దగ్గరికి తీసుకెళ్లాలి. ‘టెలీ మానస్’ సహాయవాణి 14416 నంబరు కూడా ఇంట్లో అందరికీ తెలిసి ఉండటం మంచిది. ఏళ్లుగా మూసిన తలుపు ఏదైనా ఉంటే, అవతలివారు వచ్చి తట్టేదాకా ఆగక్కర్లేదు. ఉపమానంలో పరుగెత్తింది కొడుకు కాదు, తండ్రి.