ఆమ్కా ఒంటరిగా ఎగిరితే చాలదు

2025 ఫిబ్రవరిలో బెంగళూరు యలహంక వైమానిక స్థావరంలో జరిగిన ఏరో ఇండియా ప్రదర్శనకు అమెరికా ఎఫ్‌-35, రష్యా సుఖోయ్‌-57 యుద్ధవిమానాలు రెండూ వచ్చాయి. రెండూ రాడార్‌కు అంత సులువుగా చిక్కని స్టెల్త్ రకానివే. చూడవచ్చినవాళ్ల కళ్లన్నీ వాటి మీదే నిలిచాయి. అదే ప్రదర్శనలో మన దేశం రూపొందిస్తున్న స్టెల్త్ విమానం ‘ఆమ్కా’ పూర్తి పరిమాణపు నమూనానూ నిలబెట్టారు. మూడు నెలలు తిరిగేసరికి, మే 27న, ఆమ్కా తయారీ పద్ధతికి రక్షణ మంత్రి ఆమోదం తెలిపారు. ప్రభుత్వ సంస్థలతో పాటు ప్రైవేటు కంపెనీలూ పోటీ పడవచ్చని ప్రకటించారు.

ఈ వార్తలు చదివిన సామాన్య పాఠకుడికి రెండు సందేహాలు వస్తాయి. స్టెల్త్ విమానం రాడార్‌కు అసలు కనిపించదా? డ్రోన్లే యుద్ధాలు చేస్తున్న ఈ రోజుల్లో పైలట్ కూర్చుని నడిపే ఇంత ఖరీదైన విమానం ఇంకా ఎందుకు? రెండూ న్యాయమైన ప్రశ్నలే. మొదటిదానికి జవాబు తెలిస్తే రెండోదానికి దారి దొరుకుతుంది.

రాడార్ చూపు ఎలా తప్పుతుంది?

రాడార్ ఆకాశంలోకి రేడియో తరంగాలు పంపుతుంది. అవి విమానానికి తగిలి వెనక్కి వస్తే, ఆ ప్రతిధ్వనిని బట్టి విమానం ఎక్కడుందో లెక్కగడుతుంది. చీకట్లో అద్దం మీద టార్చిలైటు వేశామనుకోండి. అద్దం మనకు ఎదురుగా ఉంటే వెలుగు మన కళ్లలోనే కొడుతుంది. అదే అద్దాన్ని పక్కకు వంచితే వెలుగు ఎటో పోతుంది, అద్దం అక్కడ ఉన్నట్టే తెలియదు. స్టెల్త్‌లో సగానికి పైగా పని ఇదే. రెక్కలు, తోకలు, అంచులు అన్నీ కొన్ని కోణాలకే కట్టుబడి ఉంటాయి. వచ్చిన తరంగాలు రాడార్ వైపు తిరిగి వెళ్లకుండా పక్కకు చెదిరిపోతాయి.

ఏ ఆకారం నుంచి తరంగాలు ఎంత మేరకు వెనక్కి వస్తాయో లెక్కగట్టే పద్ధతిని సోవియట్ శాస్త్రవేత్త ప్యోత్ర్ ఉఫీమ్‌త్సెవ్ 1962లో ప్రచురించారు. దాని విలువను గుర్తించి వాడుకున్నది అమెరికా లాక్‌హీడ్ సంస్థ ఇంజినీర్లు. అలా పుట్టిన ఎఫ్‌-117 విమానం 1981లో మొదటిసారి ఎగిరింది. 1991 గల్ఫ్ యుద్ధంలో బాగ్దాద్ మీద బాంబులు వేసింది.

ఆకారం తర్వాత మరో మూడు ఏర్పాట్లు ఉంటాయి. తరంగాలను పీల్చుకునే పూతలు వేస్తారు. క్షిపణులను రెక్కల కింద వేలాడదీయకుండా విమానం పొట్టలోని అరల్లో దాస్తారు. గాలి లోపలికి వెళ్లే గొట్టాన్ని వంపు తిప్పి, ఇంజిన్ ముందుభాగం రాడార్‌కు నేరుగా కనబడకుండా చేస్తారు.

ఇంత చేసినా విమానం మాయం కాదు. ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది. రాడార్‌కు కనిపించే పరిమాణం 16వ వంతుకు తగ్గితే, విమానాన్ని పసిగట్టే దూరం సగమే తగ్గుతుంది. మామూలు విమానాన్ని 400 కిలోమీటర్ల దూరం నుంచి గుర్తించే రాడార్ ఉందనుకుందాం. ఆ పరిమాణాన్ని పది వేలో వంతుకు కుదించిన స్టెల్త్ విమానాన్ని కూడా అది 40 కిలోమీటర్ల దగ్గర పట్టుకుంటుంది. అంటే స్టెల్త్ పైలట్‌కు దక్కేది సమయం. శత్రువు తనను చూసేలోపు తాను శత్రువును చూసి, క్షిపణి వదిలి, తప్పుకునే వీలు. ఆకాశంలో చావుబతుకులను తేల్చేది ఆ కొద్ది నిమిషాలే.

దాగే విమానానికీ హద్దులున్నాయి

1999 మార్చి 27న యుగోస్లావియా దళాలు ఒక ఎఫ్‌-117ను కూల్చేశాయి. వాడింది 1960ల నాటి సోవియట్ క్షిపణి వ్యవస్థ. తక్కువ పౌనఃపున్యంతో పనిచేసే పాత రాడార్ ఆ విమానం జాడ పట్టింది. ఆ రాడార్ పంపే పొడవైన తరంగాల ముందు స్టెల్త్ ఆకారపు నేర్పు చాలావరకు పనిచేయదు. అలాంటి రాడార్ గురి సరిగా చూపలేకపోయినా, ‘అక్కడేదో ఉంది’ అని చెప్పగలదు. ఇంజిన్ వేడిని పసిగట్టే పరికరాలు కూడా రోజురోజుకూ మెరుగవుతున్నాయి.

రెండో హద్దు ఆయుధాల బరువు. ఆయుధాలు పొట్టలోనే ఇమడాలి కాబట్టి ఎక్కువ మోయలేదు. ఆమ్కా లోపలి అరల్లో పట్టేది సుమారు 1,500 కిలోలు. మన సుఖోయ్‌-30 రెక్కల కింద, పొట్ట కింద తగిలించుకుని దాదాపు 8,000 కిలోలు మోస్తుంది. ఆమ్కా కూడా బయట ఆయుధాలు తగిలించుకోగలదు గానీ, అప్పుడు దాని స్టెల్త్ గుణం పోతుంది.

మూడోది ఖర్చు. ఇలాంటి విమానాలు ఏ దేశమూ వందలకు వందలు సులువుగా కొనలేదు. ఒక్కటి కూలినా డబ్బుతో పాటు ఏళ్ల తరబడి శిక్షణ పొందిన పైలట్‌ను కోల్పోతాం.

స్టెల్త్ విమానం లోపలికి చొరబడగలదు, దూరం చూడగలదు, కానీ ఆయుధాలు తక్కువ, సంఖ్య తక్కువ, పోగొట్టుకోలేం. ఈ లోటును పూడ్చడానికే పైలట్ లేని యుద్ధవిమానాలు ముందుకొచ్చాయి.

పక్కన ఎగిరే తోడు

పైలట్ లేకపోతే కాక్‌పిట్ అక్కర్లేదు. ప్రాణవాయువు పరికరాలు, పైలట్‌ను బయటికి విసిరే సీటు అక్కర్లేదు. మనిషి శరీరం గురుత్వాకర్షణకు దాదాపు తొమ్మిది రెట్ల ఒత్తిడిని మించి ఎక్కువసేపు తట్టుకోలేదు, యంత్రానికి ఆ ఇబ్బంది లేదు. పైలట్ చేయి తిరగడానికి రోజూ గాలిలోకి లేపాల్సిన పని కూడా ఉండదు. చాలాకాలం షెడ్డులో ఉంచి అవసరమైనప్పుడు తీయొచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, ప్రమాదమని తెలిసిన చోటికి దాన్ని ముందు పంపొచ్చు.

వీటిని అఫ్గానిస్తాన్‌లో చూసిన ప్రిడేటర్ లాంటి డ్రోన్లతో కలిపి చూడకూడదు. ప్రిడేటర్ నెమ్మదిగా ఎగురుతుంది, నేల మీది మనిషి ఉపగ్రహం ద్వారా దాన్ని నడుపుతాడు. గట్టి గగనతల రక్షణ ఉన్న దేశం మీదికి వెళ్తే ఎంతోసేపు నిలవదు. కొత్తగా వస్తున్నవి జెట్ ఇంజిన్ ఉన్న వేగవంతమైన విమానాలు. పైలట్ ఉన్న స్టెల్త్ విమానం వెనక ఉంటే, ఇవి ముందుకు వెళ్లి వెతుకుతాయి, శత్రు రాడార్లను గందరగోళపరుస్తాయి, అదనపు క్షిపణులు మోస్తాయి. పైలట్ వాటికి పని అప్పగిస్తాడు, ఎలా ఎగరాలో అవే చూసుకుంటాయి.

ఈ దిశలో అడుగులు వేగంగా పడుతున్నాయి. ఆస్ట్రేలియాలో బోయింగ్ తయారు చేసిన ‘ఘోస్ట్ బ్యాట్’ 2021 ఫిబ్రవరిలో మొదటిసారి ఎగిరింది. టర్కీ ‘కిజిలెల్మా’ 2022 డిసెంబరులో ఎగిరింది. అమెరికా వైమానిక దళం ఎంచుకున్న రెండు నమూనాల్లో జనరల్ అటామిక్స్ విమానం 2025 ఆగస్టులో, ఆండురిల్ విమానం అక్టోబరులో గాలిలోకి లేచాయి. ఒక్కోదాని ధర ఎఫ్‌-35 ధరలో మూడో వంతు లోపే ఉండాలన్నది అక్కడి లక్ష్యం. 2025 సెప్టెంబరు 3న బీజింగ్ కవాతులో చైనా కూడా ఈ తరహా విమానాలను ప్రదర్శించింది.

సంబంధం తెగిపోతే?

పెద్ద చిక్కు ఇక్కడే ఉంది. పైలట్ లేని విమానానికి రేడియో సంబంధమే ప్రాణం. యుద్ధంలో శత్రువు మొదట తెంపాలని చూసేది దాన్నే. 2024 అక్టోబరులో రష్యాకు చెందిన ‘ఒఖోత్నిక్’ అనే భారీ మానవరహిత యుద్ధవిమానం ఉక్రెయిన్ అధీనంలోని ప్రాంతం వైపు వెళ్తుండగా రష్యా యుద్ధవిమానమే దాన్ని కూల్చేసింది. నియంత్రణ తప్పడమే కారణమని నిపుణులు భావించారు. శిథిలాలు ఉక్రెయిన్ చేతిలో పడ్డాయి. 2011 డిసెంబరులో అమెరికా రహస్య స్టెల్త్ డ్రోన్ ఆర్‌క్యూ‌-170 ఇరాన్‌కు దొరికిపోయింది. దాని ఆకారాన్ని పోలిన డ్రోన్లను ఇరాన్ తర్వాత సొంతంగా తయారు చేసుకుంది.

సంబంధం తెగినా పని ఆగకూడదంటే విమానానికి సొంత తెలివి కావాలి. అమెరికాలో కృత్రిమ మేధతో నడిచే ఎక్స్‌-62ఏ అనే, మార్పులు చేసిన ఎఫ్‌-16 విమానం, 2023లో పైలట్ నడిపే మరో ఎఫ్‌-16తో ఆకాశంలో తలపడింది. లోపల రక్షణ కోసం పైలట్లు కూర్చున్నా, వాళ్లు జోక్యం చేసుకోవాల్సిన అవసరం రాలేదు. యంత్రం ఎగరగలదు, ఎదుటివాడి ఎత్తును అందుకోగలదు అన్నది తేలిపోయింది.

తేలనిది మరొకటి. ఎదురుగా వస్తున్నది శత్రు విమానమా, దారి తప్పిన ప్రయాణికుల విమానమా? లక్ష్యం పక్కన ఆసుపత్రి ఉంటే? ఆ క్షణంలో ప్రాణం తీసే నిర్ణయం ఎవరిది? ఇలా తమంతట తామే దాడి చేయగల ఆయుధాల మీద జెనీవాలో 2014 నుంచి దేశాల మధ్య చర్చలు నడుస్తూనే ఉన్నాయి. 2023లో వీటిపై ఐక్యరాజ్య సమితి సాధారణ సభ చేసిన తీర్మానానికి 152 దేశాలు మద్దతిచ్చాయి. చర్చ జెనీవా వేదికలోనే సాగాలన్నది తన వైఖరి కాబట్టి భారత్ వ్యతిరేకంగా ఓటు వేసింది. వేదిక ఏదైనా, క్షిపణి వదిలే ముందు బాధ్యత వహించే మనిషి ఒకరు ఉండి తీరాలి. తప్పు జరిగితే యంత్రాన్ని బోనులో నిలబెట్టలేం.

మనం ఎక్కడున్నాం?

ఆమ్కాను బెంగళూరులోని ఏరోనాటికల్ డెవలప్‌మెంట్ ఏజెన్సీ రూపొందిస్తోంది. బరువు సుమారు 25 టన్నులు, రెండు ఇంజిన్లు. 2024 మార్చిలో కేంద్ర మంత్రివర్గ భద్రతా సంఘం దాదాపు రూ.15,000 కోట్లతో నమూనా విమానాల తయారీకి అనుమతించింది. ఈ దశాబ్దం చివరికి మొదటిసారి ఎగరాలి, 2035 ప్రాంతానికి వైమానిక దళంలో చేరాలి. ఇవి కాగితం మీది తేదీలు.

మానవరహిత విమానాల వైపు కూడా మనం ఖాళీగా లేం. డీఆర్‌డీవో రూపొందించిన తోకలేని చిన్న విమానం ‘స్విఫ్ట్’ 2022 జులై 1న కర్ణాటకలోని చిత్రదుర్గ పరీక్షా కేంద్రంలో తనంతట తానే లేచి, ఎగిరి, దిగింది. ‘ఘాతక్’ అనే పెద్ద స్టెల్త్ దాడి విమానానికి అది తొలి మెట్టు. హెచ్‌ఏఎల్ సంస్థ ‘క్యాట్స్ వారియర్’ పేరుతో మన తేలికపాటి యుద్ధవిమానం తేజస్ వెంట ఎగిరే తోడు విమానాన్ని తయారు చేస్తోంది. 2025 జనవరిలో దాని ఇంజిన్‌ను నేల మీద నడిపి చూశారు.

ఈ పనిలో తెలుగు నేల వాటా చిన్నది కాదు. తేజస్ మార్క్‌-1ఏ మధ్యభాగాన్ని హైదరాబాద్ కంపెనీ తయారు చేస్తోంది. గాలి నుంచి గాలిలోకి వెళ్లే అస్త్ర క్షిపణి రూపకల్పన, ఉత్పత్తి రెండూ హైదరాబాద్‌లోనే. 2025 జులైలో డ్రోన్ నుంచి వదిలే క్షిపణిని కర్నూలు జిల్లాలోని డీఆర్‌డీవో క్షేత్రంలో పరీక్షించారు.

బలహీనత ఇంజిన్ దగ్గర ఉంది. తేజస్ కోసం 2021లో అమెరికా కంపెనీకి ఆర్డరిచ్చిన 99 ఇంజిన్లలో మొదటిది చేతికందింది 2025 మార్చిలో. ఆమ్కా తొలి విమానాలు కూడా అమెరికా ఎఫ్‌-414 ఇంజిన్లతోనే ఎగరాలి. తర్వాతి వాటి కోసం ఫ్రాన్స్ సఫ్రాన్ సంస్థతో కలిసి కొత్త ఇంజిన్ తయారు చేస్తామని 2025 ఆగస్టులో ప్రభుత్వం ప్రకటించింది. తేజస్‌కు చాలినంత శక్తి ఇవ్వలేకపోయిన మన కావేరి ఇంజిన్‌ను మార్చి ఘాతక్‌కు వాడాలన్న ఆలోచన మంచిది. చిన్న విజయమైనా మనదైన ఇంజిన్ ఒకటి ఆకాశంలో నిలబడాలి.

తేజస్ చరిత్ర ఇక్కడ మరిచిపోకూడదు. 1983లో మంజూరైన ఆ విమానం 2001లో మొదటిసారి ఎగిరింది. తొలి స్క్వాడ్రన్ ఏర్పడింది 2016లో. 2025 సెప్టెంబరులో మిగ్‌-21లు సెలవు తీసుకున్నాక వైమానిక దళంలో మిగిలినవి 29 స్క్వాడ్రన్లు. ఉండాల్సినవి 42. ఆమ్కాకు కూడా అంత కాలం పడితే ఈ లోటు ఎప్పటికీ తీరదు.

అందుకే పైలట్ లేని తోడు విమానాలను ‘ఆమ్కా వచ్చాక చూద్దాం’ అనుకోవడం పొరపాటు. అవి చిన్నవి, చౌకైనవి. తొందరగా తయారవుతాయి, తప్పులు దిద్దుకుంటూ మెరుగుపరుచుకోవచ్చు. క్యాట్స్ వారియర్, ఘాతక్‌లకు ఇప్పుడే ప్రత్యేక నిధులు కేటాయించాలి. తేజస్‌తో, సుఖోయ్‌తో జతకట్టి ఎగిరే అలవాటు మన పైలట్లకు ఇప్పటి నుంచే చేయాలి. వైమానిక దళం కొద్ది సంఖ్యలోనైనా ముందే ఆర్డరిస్తే హైదరాబాద్, బెంగళూరుల్లోని చిన్న కంపెనీలకు నిలదొక్కుకునే ధైర్యం వస్తుంది. ఏ దశలో ఎంత పని జరిగిందో ఏటా పార్లమెంటు ముందు పెట్టాలి. ఈ డబ్బు ప్రజలది. కాబట్టి ఆమ్కా ఎప్పుడు ఎగురుతుందని అడిగే ప్రతి పౌరుడూ, దాని పక్కన ఎగరాల్సినవి ఎంతవరకు వచ్చాయని కూడా అడగాలి.