పిల్ల పుస్తకాల సభకు వెళ్తానంటోందా?

"అమ్మా, గ్రంథాలయాల మీద పెద్ద సదస్సట. మా క్లాసు నుంచి నలుగురం వెళ్తున్నాం. మూడు రోజులే" అని లైబ్రరీ సైన్సు చదివే మీ అమ్మాయి అడిగిందనుకోండి. మీ నోట వచ్చే మొదటి మాటేమిటి? "పుస్తకాలు సర్దే చదువుకు ఊళ్లు తిరగడం కూడానా?" అనే గదా!

కాళేశ్వరం లాంటి ఊళ్లో ఉన్న తల్లికి ఆ బెంగ సహజమే. రైలెక్కాలంటే వరంగలో మంచిర్యాలో చేరాలి. పైగా ఖర్చు. కానీ ఒక్కమాట. గోదావరి, ప్రాణహిత కలిసే ఆ చోట సరస్వతి అంతర్వాహినిగా ఉందని మన నమ్మకం. 2025 మే 15 నుంచి 26 వరకు జరిగిన సరస్వతీ పుష్కరాలకు ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి మునిగి వెళ్లారు. ఆ తల్లి చేతిలో ఉన్నది పుస్తకమే గదా! ఆ పుస్తకం కోసం మన పిల్ల నాలుగు ఊళ్లు దాటితే తప్పేముంది?

ఇలాంటి సభలు మనకు కొత్తేమీ కాదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వెలిశాయి. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో గ్రంథాలయాల వాళ్లంతా సమావేశమయ్యారు. అయ్యంకి వెంకట రమణయ్యగారు పూనుకొని జరిపిన ఆ సభకు చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు అధ్యక్షులు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది అక్కడే. ఇందులో ఇల్లాలి చెయ్యీ ఉంది. హైదరాబాదు నిలయాన్ని నిలబెట్టిన రావిచెట్టు రంగారావుగారు పోయాక, ఆయన భార్య లక్ష్మీనరసమ్మగారు విరాళమిచ్చి దాన్ని ఆదుకొన్నారు.

మరి సభలో పిల్లలేం నేర్చుకొంటారు? పెద్దల ప్రసంగాలు వింటారు. తాము రాసిన వ్యాసం నలుగురి ముందు చదువుతారు. ప్రచురణకర్తలు వస్తే పుస్తకం ఎలా తయారవుతుందో, గ్రంథాలయానికి ఎలా చేరుతుందో అడిగి తెలుసుకొంటారు. రంగనాథన్‌గారు 1931లో చెప్పిన అయిదు సూత్రాల్లో ఒకటి, చదువరి సమయం వృథా కాకూడదని. మనం పోపుల డబ్బా పొయ్యి పక్కనే ఎందుకు పెట్టుకొంటాం? ఇదీ అంతే!

అన్నిటికంటే ముఖ్యం ఇంకొకటి. ఏ పుస్తకాలు తెప్పించాలో నిర్ణయించే చోట మన ఆడపిల్లలు లేకపోతే, ఆడవాళ్లకూ చంటిపిల్లలకూ కావలసినవి ఎవరడుగుతారు చెప్పండి?

పంపేముందు మాత్రం జాగ్రత్తలు తీసుకోండి. వెంట వచ్చే అధ్యాపకులెవరో, బస ఎక్కడో కనుక్కోండి. విద్యార్థులకు రుసుము తగ్గిస్తారేమో ముందే అడగమనండి. ఫోన్ నంబర్లు ఒక కాగితం మీద కూడా రాసివ్వండి. సంచిలో ఓ డబ్బాడు సకినాలు పెట్టండి. నాలుగు రోజులైనా చెడవు, పక్క ఊరి పిల్లలతో స్నేహమూ కలుపుతాయి.

తిరిగొచ్చాక "ఏం కొనుక్కొచ్చావే?" అనకండి. "ఏం విన్నావు?" అనండి. ఆ సాయంత్రమే ఇద్దరూ కలిసి దగ్గర్లోని గ్రంథాలయానికి వెళ్లి, మీ పేరున సభ్యత్వం తీసుకోండి. పిల్ల నేర్చుకొచ్చిన విద్యకు మొదటి చదువరి మీరే కావాలి మరి!