నగర జనములో లింఫోమా: పెరుగుదలను గణించు విధము

లింఫోమా యనునది లింఫోసైటులను తెల్లరక్తకణములనుండి పుట్టు కేన్సరు. మెడయందో, చంకయందో, గజ్జయందో గ్రంథి నొప్పి లేకయే వాచుట తరచుగా దీని మొదటి గుర్తు. 1832లో లండను వైద్యుడగు థామస్ హాడ్జికిన్ దీని యొక రకమును వర్ణించెను. ఆ రకమునకు ఆయన పేరే నిలిచినది. తక్కినవానిని హాడ్జికినేతర లింఫోమాలందురు.

ఈ వ్యాధి నగరములలో పెరుగుచున్నదను మాట యెంతవరకు నిజమో తెలియవలెనన్న, ఆసుపత్రికి వచ్చిన రోగులను లెక్కించిన చాలదు. పెద్ద ఆసుపత్రులకు దూరప్రాంతములవారును వత్తురు. కావున నగరమున కాపురముండువారిలో ఏటేట నెందరికి క్రొత్తగా వ్యాధి కలిగినదో చూడవలెను. మన దేశమున నిట్టి గణనకు మొదట పూనుకొన్నది నాడు బొంబాయి యనబడిన ముంబయి. అచట ఇండియన్ కేన్సర్ సొసైటీ 1963లో నమోదు కేంద్రమును స్థాపించెను. 1982 నుండి బెంగుళూరు, చెన్నై నగరములందును జాతీయ పథకము క్రింద నీ పని సాగుచున్నది. కేంద్రపు ఉద్యోగులు ఆసుపత్రులకును, పరీక్షాశాలలకును స్వయముగా పోయి వివరములు సేకరింతురు. కనీస మొక సంవత్సరము నగరమున నివసించినవారినే లెక్కలో చేర్తురు.

సాధారణముగా వయస్సుతో పాటు హాడ్జికినేతర లింఫోమాయు హెచ్చును. వృద్ధులు పెరిగిన నగరమున రోగులు పెరుగుట సహజము. అందుచే వయోభేదమును సవరించి, లక్షమందికి ఇంతమంది యని లెక్కింతురు. అట్లు లెక్కించినను, 20వ శతాబ్దపు చివరి దశాబ్దములలో మన మహానగరములందు హాడ్జికినేతర లింఫోమా పెరిగినట్లే తేలినది. అయినను మన దేశమున నిది పురుషులలో లక్షకు సుమారు 3, స్త్రీలలో 2 లోపు. గ్రామములకంటె నగరములలో నధికము. అమెరికాలో నిది లక్షకు 20 ప్రాంతము.

ఈ పెరుగుదల యంతయు వ్యాధిదే యనరాదు. కణములపై నుండు ప్రోటీనులను గుర్తించు పరీక్షలు వచ్చిన పిమ్మట, పూర్వము తెలియకుండిన రోగములు నేడు తెలియుచున్నవి. హెచ్.ఐ.వి. సోకినవారి కీ వ్యాధి భయ మధికము. ఇవి కారణములలో కొన్ని మాత్రమే.

మన దేశమున మెడగ్రంథి వాచిన క్షయయని తలచుట పరిపాటి. గ్రంథిని పరీక్షింపకయే క్షయమందు లిచ్చినచో, రోగికి విలువైన నెలలు గడచిపోవును. అట్టివాడు గుర్తింపబడకయే మరణించిన, లెక్కలోనికిని రాడు. సకాలమున గుర్తించిన హాడ్జికిన్ వ్యాధి పలువురికి పూర్తిగా నయమగును.

కావున ఈ నగరములందు తరతరములుగా స్థిరపడిన తెలుగువారు రెండు సంగతులు మరువరాదు. కొన్ని వారములకును తగ్గని వాపు కనబడిన, గ్రంథినుండి ముక్క తీసి పరీక్షించు బయాప్సీని గూర్చి వైద్యు నడుగవలెను. స్వగ్రామమునుండి చికిత్సకు వచ్చిన బంధువునకు మన యింటి చిరునామా వ్రాయింపక, అతని యూరినే వ్రాయింపవలెను. ఆ యొక్క పంక్తి తప్పిన, రెండూళ్ల లెక్కలును తప్పును.