జ్వరమొచ్చిన పిల్లను ఇంట్లో ఉంచితే ‘తల్లికి వందనం’ ఆగిపోతుందా?

(తల్లికి వందనం లబ్ధిదారులైన తల్లులు, సంరక్షకుల కోసం)

వానలు మొదలయ్యాక బడి పిల్లల తల్లులు తరచూ అడిగే ప్రశ్న ఇది. రాత్రంతా జ్వరంతో మూలిగిన పిల్లకు పొద్దున్నే పారాసిటమాల్ సిరప్ పట్టి, ఒళ్లు కాస్త చల్లబడగానే బ్యాగు తగిలించి బడికి పంపేస్తున్నారు. 75 శాతం హాజరు లేకపోతే డబ్బు పడదని భయం. ఆ భయం ఎంతవరకు నిజమో ముందు లెక్క చూద్దాం, తర్వాత జ్వరం సంగతి.

హాజరు లెక్క ఇదీ

బడి ఏడాదికి 220 రోజులు నడుస్తుందనుకోండి. అందులో 75 శాతం అంటే 165 రోజులు. అంటే 55 రోజులు రాకపోయినా నిబంధన తప్పినట్టు కాదు. ఫ్లూ జ్వరం వస్తే బిడ్డ ఇంట్లో ఉండాల్సింది మామూలుగా ఐదారు రోజులు. ఏడాదిలో మూడుసార్లు వచ్చిందనుకున్నా 18 రోజులు. సెలవు చీటీ ఇచ్చినా అవన్నీ గైర్హాజరు కిందే పడ్డాయనుకుందాం. అప్పటికీ 202 రోజులు ఉంటాయి, అంటే 91 శాతం పైనే.

నిజానికి హాజరు పడిపోయేది జ్వరాల వల్ల కాదు. పెళ్లికి వారం ముందే వెళ్లిపోవడం, మిరప కోతలకు పిల్లల్ని వెంట తీసుకెళ్లడం, పండగ సెలవులు అయిపోయినా అమ్మమ్మ ఊళ్లోనే ఉండిపోవడం, వీటి వల్ల. మీ బిడ్డకు ఇప్పటికే అలా చాలా రోజులు పోయి ఉంటే హాజరు ఎంతుందో హెడ్‌మాస్టరు గారిని అడిగి తెలుసుకోండి. అలాంటప్పుడు కూడా జ్వరంతో పంపొద్దు. మిగతా రోజులు మానకుండా చూసుకోండి.

సిరప్ పట్టి పంపితే ఏమవుతుంది?

పారాసిటమాల్ జ్వరాన్ని తగ్గిస్తుంది, అంతే. గొంతులో, ముక్కులో ఉన్న వైరస్‌ను ఏమీ చేయదు. బిడ్డ దగ్గినా తుమ్మినా సన్నటి తుంపర్లలో అది బయటికి వస్తూనే ఉంటుంది. బెంచీ మీద పక్కన కూర్చున్నవాళ్లు పీలుస్తారు, లేదా ఆ తుంపర పడిన బల్ల ముట్టుకుని అదే చేత్తో ముక్కు, కళ్లు నలుపుకుంటారు. ఒకటి నుంచి నాలుగు రోజుల్లో వాళ్లకీ జ్వరం. వాళ్ల ఇంట్లో నెలల పసివాడో, ఉబ్బసం ఉన్న తాతో ఉండొచ్చు.

ఇంకో చిక్కు ఉంది. లక్షణాలు కనపడటానికి ఒక రోజు ముందు నుంచే ఇది అంటుకుంటుంది. ఆ తర్వాత ఐదు నుంచి ఏడు రోజుల దాకా, చిన్నపిల్లల్లో ఇంకా ఎక్కువ రోజులు కూడా. అందుకే పూర్తిగా ఆపడం ఎవరి వల్లా కాదు. కానీ మొదటి మూడు నాలుగు రోజులు బిడ్డను ఇంట్లో ఉంచితే చాలామందికి తప్పుతుంది. మళ్లీ ఎప్పుడు పంపాలంటే, జ్వరం మందు వేయకుండానే 24 గంటలు జ్వరం రాకుండా ఉండాలి, తిండి తిని ఆడుకుంటూ ఉండాలి. ఆ తర్వాత కొంచెం పొడి దగ్గు మిగిలినా పంపొచ్చు.

ఒక్క గదే ఉన్న ఇంట్లో ఎలా?

‘రోగిని వేరే గదిలో ఉంచండి’ అని అందరూ చెబుతారు. ఉన్నది ఒక్క గదైతే ఏం చేస్తాం? కిటికీ, తలుపు తీసి గాలి ఆడనివ్వండి. బిడ్డ పక్క కిటికీ దగ్గర వేయండి. మిగతావాళ్లు అటు తలపెట్టి పడుకోండి, మొహానికి మొహం ఎదురుగా ఉండకుండా. నానమ్మను, గర్భిణిని, రెండేళ్లలోపు పిల్లల్ని కుదిరితే వరండాలోకో, పక్కింటి బంధువుల దగ్గరకో మార్చండి. వీళ్లకే ఫ్లూ ముదిరి నిమోనియా అయ్యే ప్రమాదం ఎక్కువ. బిడ్డను చూసుకునేది ఇంట్లో ఒక్కరే అయితే మంచిది, ఆ ఒక్కరు మాస్కు పెట్టుకోవాలి. బిడ్డకు గ్లాసు, తువ్వాలు వేరు చేయండి. ముక్కు తుడిచిన చేతిని సబ్బుతో 20 సెకన్లు కడుక్కున్నాకే అన్నం గిన్నె ముట్టుకోండి.

ఆహారం మానిపించొద్దు. జావ, మజ్జిగ, పప్పు కట్టు, కొబ్బరినీళ్లు, ఏది తాగితే అది కొంచెం కొంచెంగా ఇవ్వండి. మరుగుతున్న గిన్నె ముందు చిన్నపిల్లను కూర్చోబెట్టి ఆవిరి పట్టొద్దు. దానివల్ల వైరస్ చావదు, కాలిన గాయాలు మాత్రం అవుతాయి.

మందుల గురించి

పారాసిటమాల్ మోతాదు బిడ్డ బరువును బట్టి ఉంటుంది, ఏఎన్ఎం గారిని అడిగి వేయండి. ఆస్పిరిన్ పిల్లలకు వద్దు. ఫ్లూ వైరస్ వల్ల వచ్చేది కాబట్టి యాంటీబయాటిక్ పనిచేయదు. ఇంజెక్షన్ వేస్తేనే తగ్గుతుందనే నమ్మకం మన ఊళ్లలో గట్టిగా ఉంది, దానికోసం ఖర్చు పెట్టకండి. ఫ్లూకి ఒసెల్టామివిర్ అనే మందు ఉంది గానీ అది అందరికీ అవసరం ఉండదు. డాక్టరు రాస్తేనే వాడాలి, మొదటి రెండు రోజుల్లో మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. వానాకాలపు జ్వరం డెంగీ, మలేరియా కూడా కావచ్చు. కాబట్టి జ్వరం రెండు రోజులు దాటితే పీహెచ్‌సీలో రక్తపరీక్ష చేయించండి.

ఏటా వేసుకునే ఫ్లూ టీకా ఉంది. ప్రభుత్వ ఉచిత టీకాల పట్టికలో అది లేదు, బయట కొనాలి. ఇంట్లో గర్భిణి, ముసలివాళ్లు, ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవాళ్లు ఉంటే డాక్టరును అడగండి.

ఇవి కనిపిస్తే ఆగొద్దు: ఊపిరి తీసినప్పుడు పక్కటెముకల కింద లోపలికి గుంటలు పడటం, పెదాలు నీలంగా మారడం, ఏమీ తాగలేకపోవడం, మూత్రం రాకపోవడం, లేపినా మగతగా ఉండటం, ఫిట్స్, తగ్గిన జ్వరం మళ్లీ ఎక్కువగా తిరగబెట్టడం. ఏడాది నుంచి ఐదేళ్లలోపు బిడ్డ నిమిషానికి 40 సార్లు, అంతకంటే ఎక్కువ ఊపిరి తీస్తున్నా అంతే. వెంటనే 108కి ఫోన్ చేయండి. నెట్‌వర్క్ ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే అక్కడి ఆరోగ్యమిత్రను కలిసి ఎన్టీఆర్ వైద్య సేవ గురించి అడగండి.

బడిలో మీరు అడగదగ్గవి

పథకం కింద ఒక్కో బిడ్డకు 15,000 రూపాయలు. మీ ఖాతాలో పడేది 13,000. మిగతా 2,000 బడి, మరుగుదొడ్ల నిర్వహణకు మినహాయిస్తారు. కాబట్టి కుళాయి దగ్గర సబ్బు ఉందా అని అడగడం మొహమాటపడాల్సిన విషయం కాదు. తల్లిదండ్రుల కమిటీ సమావేశంలో అడగండి. సబ్బు ఉన్నా చాలదు. మధ్యాహ్న భోజనం బెల్లు కొట్టాక అరవై మంది ఒకే కుళాయి మీద పడితే ఎవరూ సరిగా కడుక్కోరు. ఐదు నిమిషాలు ముందే తరగతుల వారీగా పంపమని చెప్పండి. వాన జల్లు లేనప్పుడు కిటికీలు తీసి ఉంచమనండి. ఒకే తరగతిలో ఒకే వారంలో చాలామందికి జ్వరాలొస్తే ఏఎన్ఎం గారికి చెప్పమనండి. ఏడాదంతా మానకుండా వచ్చినవారికి బహుమతి ఇచ్చే బడులున్నాయి. ఆ బహుమతి కోసం జ్వరాన్ని దాచిపెట్టే పిల్లలూ ఉన్నారు. ఈ మాట టీచర్లతో నెమ్మదిగా చెప్పి చూడండి.

పిల్లలకు నేర్పాల్సింది రెండే: దగ్గు వస్తే మోచేతి మడతలో దగ్గాలి, నీళ్ల సీసా ఇంకొకరితో పంచుకోకూడదు.

బిడ్డను ఇంట్లో ఉంచిన రోజే క్లాసు టీచరుకు ఫోన్ చేసి చెప్పండి, తిరిగి పంపేటప్పుడు సెలవు చీటీ ఇవ్వండి. పీహెచ్‌సీ ఓపీ చీటీ పారేయొద్దు. హాజరు తప్పుగా పడిందనిపిస్తే ముందు హెడ్‌మాస్టరు గారి దగ్గర చూసుకోండి. అక్కడ తేలకపోతే ఆ చీటీలు, ఆధార్ పట్టుకుని సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంటును కలవండి.