దూరపు బాటలో లారీ డ్రైవరు: నిద్రయే మొదటి రక్షణ

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమందలి బిలాస్‌పూర్ రైలుపట్టణము. బెంగాల్ నాగపూర్ రైలు కంపెనీ వారి మార్గము 1891లో ఈ ప్రాంతము గుండ సాగిన నాటినుండి ఈ పట్టణము రైలుతోనే పెరిగినది. 2003 నుండి ఇది ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రస్థానము. ఆ పాత కంపెనీ కాలముననే శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల తెలుగువారు పెక్కురు రైలు పనికై ఇచ్చటికి వచ్చి స్థిరపడిరి. రైలు నడుపువారి ఇండ్లలో పెరిగిన పిల్లలకు ఒక సంగతి చిన్ననాడే తెలియును. డ్యూటీ దిగి వచ్చిన తండ్రి పట్టపగలు నిద్రించుచుండగా ఆ ఇంట ఎవరును గట్టిగా మాటలాడరాదు. ఆ నిద్ర సోమరితనము కాదు. అది ఆయన ఉద్యోగములో ఒక భాగము.

ఇదే పట్టణము గుండ మరియొక దారి పోవుచున్నది. అది లారీల దారి. ఆ దారిని పోవు డ్రైవరు నిద్రను కాపాడువారు అరుదు. ఆతని ఆరోగ్యమును గూర్చి, అందును ముఖ్యముగ ఆతని నిద్రను గూర్చి, ప్రజలెల్లరు తెలిసికొనవలసిన సంగతులు ఈ వ్యాసమున వివరింపబడుచున్నవి.

కొత్త బండిని చేర్చు బ్రదుకు

సరకు మోయు డ్రైవర్లను అందరు ఎరుగుదురు. సరకేమియు లేక బండినే సరకుగ చేర్చు డ్రైవర్లును కలరు. జంషెడ్‌పూర్ కర్మాగారమున 1954 నుండి లారీలు తయారగుచున్నవి. అచ్చట సిద్ధమైన కొత్త బండ్లను దేశమందలి నలుమూలలకు నడిపించుకొని పోయి అప్పగించుటయే వీరి వృత్తి. పూర్వము పెక్కు బండ్లు బాడీ కట్టని ఛాసిస్‌లుగనే బయలుదేరెడివి. ఇంజను, చట్రము, చక్రములు మాత్రమే ఉండెడివి. డ్రైవరు ఒక పలకపై కూర్చుండి, ముఖమునకు తువాలు చుట్టుకొని, కంటికి అద్దములు పెట్టుకొని, ఎండలోను వానలోను వందల మైళ్లు నడిపెడివాడు. విజయవాడ ఆటోనగరు వంటి చోట్ల వానికి బాడీ కట్టెడివారు. ఈనాడు కాబినుతో వచ్చు లారీలు పెరిగినవి. 2025లో కొత్త భారీ లారీల కాబినులకు ఏసీ ఉండవలెనను నియమమును అమలునకు వచ్చినది. దేహమునకు ఇది మేలే. అయినను దూరము తగ్గలేదు, నిద్రలేమి తీరలేదు.

ఉదాహరణమునకు, జంషెడ్‌పూర్ నుండి హైదరాబాదునకు బండిని చేర్చు ఒక డ్రైవరును ఊహింతము. రూర్కెలా, ఝార్సుగూడా, రాయగఢ్, బిలాస్‌పూర్, రాయపూర్, నాగపూర్ మీదుగ పోయినచో దారి 1,400 కిలోమీటర్లకు పైబడును. గంటకు సగటున 40 కిలోమీటర్లు నడచినను చేతిలో చక్రము 35 గంటలకు పైగ ఉండవలెను. దినమునకు 8 గంటల చొప్పున నడిపినచో మొదటి రాత్రి ఝార్సుగూడా చేరువన, రెండవ రాత్రి రాయపూర్ చేరువన, మూడవ రాత్రి నాగపూర్ చేరువన, నాలుగవ రాత్రి నిర్మల్ దాటి విశ్రమించి, అయిదవ దినమున హైదరాబాదు చేరును. దేహము ఓర్చుకొనగల లెక్క ఇదియే. విడతకు ఇంత అని కూలి కుదిరినపుడు ఎంత త్వరగ చేర్చిన అంత త్వరగ మరియొక విడత దొరకునని ఆశ కలుగును. అయిదు దినముల దారి మూడు దినములకు, రెండు దినములకు కుదించబడును. ఆ కుదింపు ఎచ్చట నుండి వచ్చును? బండి వేగము నుండి కాదు, డ్రైవరు నిద్ర నుండి.

నిద్ర లేనివాని మెదడు

ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అని మన పెద్దలు చెప్పిరి. మెత్తని పాన్పే కావలెనని నిద్ర కోరదు. చక్రము పట్టిన చేతులపై కూడ అది వచ్చి వాలును. దీనికి కారణము దేహములోనే ఉన్నది. మనము మెలకువగ నున్నంతసేపు అడినోసిన్ అను పదార్థము మెదడులో పేరుకొనుచుండును. అది పెరిగిన కొలది నిద్ర ఒత్తిడి పెరుగును. నిద్రించినపుడే అది తరిగిపోవును. ఇదిగాక మెదడులో ఒక గడియారము వంటి ఏర్పాటు కలదు. దాని ననుసరించి రాత్రి 2 గంటల నుండి ఉదయము 6 గంటల వరకును, మధ్యాహ్నము 2 గంటల నుండి 4 గంటల వరకును మగత అధికమగును. ఎంతటి అనుభవశాలి యైనను ఈ గడియారమును ఆపలేడు.

నిద్ర చాలనివానికి తెలియకుండగనే కొన్ని సెకనులపాటు మెదడు మూతపడును. కన్నులు తెరచియున్నను చూపు పనిచేయదు. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఒక సెకనులో సుమారు 17 మీటర్లు సాగును. నాలుగు సెకనుల కునుకులో అది దాదాపు 67 మీటర్లు నడిపించువాడు లేకయే పోవును. ఆ దూరములో ఒక పల్లె బడి ఉండవచ్చును, ఒక ఎడ్లబండి ఉండవచ్చును.

ఆస్ట్రేలియాలో జరిగి 1997లో ప్రచురింపబడిన ఒక పరిశోధన ఈ విషయమును కొలిచి చూపినది. వరుసగ 17 గంటలు మేలుకొనియున్నవాని చురుకుదనము, 100 మిల్లీలీటర్ల రక్తములో 50 మిల్లీగ్రాముల మద్యము ఉన్నవాని చురుకుదనమునకు సమానముగ తగ్గినది. మన దేశమున మోటారు వాహనముల చట్టము అనుమతించు పరిమితి 30 మిల్లీగ్రాములు మాత్రమే. కావున తెల్లవారుజామున 4 గంటలకు లేచి రాత్రి 9 గంటలు దాటిన పిదప ఇంకను బండి నడుపువాడు, చుక్క మద్యమైనను ముట్టకున్నను, త్రాగి నడుపువానితో సమానమగుచున్నాడు. త్రాగిన డ్రైవరును నిందించు మనము నిద్రలేని డ్రైవరును కష్టజీవి యని మెచ్చుకొందుము. ఇది సరిచేసికొనవలసిన పొరపాటు.

టీయు, మాత్రయు

మగత వచ్చినపుడు డ్రైవరు మొదట ఆశ్రయించునది టీ. టీలోని కెఫీన్ అను పదార్థము అడినోసిన్ పనిని కొంతసేపు మరుగుపరచును గాని దానిని తొలగింపదు. ఇది అప్పు తీర్చక, అప్పులవాని కంట పడకుండ సందులలో తిరుగుట వంటిది. కెఫీన్ ప్రభావము తీరగనే అప్పంతయు ఒక్కసారి మీద పడును. కిటికీ తెరచుట, పాటలు పెట్టుట, ముఖము కడుగుకొనుట కొలది నిమిషములు మాత్రమే పనిచేయును.

మెలకువ కొరకు మాత్రలు మింగుట, నల్లమందు సంబంధమైన పదార్థములు వాడుట మిక్కిలి ప్రమాదకరము. అవి దూరమును, వేగమును అంచనా వేయు శక్తిని చెరచును, గుండెకు హాని చేయును, వ్యసనమును కలిగించును. జలుబు, దగ్గు, దురదలకు వాడు కొన్ని మందులును మగత కలిగించును. మందు తీసికొనునపుడు తాను డ్రైవరునని వైద్యునికి తప్పక చెప్పవలెను.

ఆపద సమయమున పనికివచ్చు ఉపాయము ఒక్కటే కలదు. బండిని బాట విడిచి, దీపములు వెలుగు సురక్షితమైన తావున నిలుపవలెను. ఒక టీ త్రాగి వెంటనే 15 నుండి 20 నిమిషములు కునుకు తీయవలెను. కెఫీన్ పనిచేయుటకు సుమారు అరగంట పట్టును గనుక రెండును కలిసి వచ్చును. లేచిన పిదప పది నిమిషములు నడచి, మత్తు వదలినదని తెలిసిన తరువాతనే చక్రము పట్టవలెను. ఈ కునుకు తరువాతి మజిలీ చేరుటకు మాత్రమే చాలును. పూర్తి రాత్రి నిద్రకు, అనగా 7 లేక 8 గంటల నిద్రకు, ఇది బదులు కానేరదు.

తిరుగు ప్రయాణము విశ్రాంతి కాదు

బండిని చేర్చు డ్రైవరు జీవితములో ఇతరులకు లేని కష్టమొకటి కలదు. పోవునపుడు బండి ఉండును, వచ్చునపుడు ఉండదు. హైదరాబాదులో బండిని అప్పగించిన డ్రైవరు చిన్న సంచి చంకన బెట్టుకొని, బస్సులోనో రైలు జనరల్ పెట్టెలోనో తిరిగి బయలుదేరును. బిలాస్‌పూర్ మీదుగ రైలులో టాటానగర్ చేరువరకు ఒక దినమునకు మించి పట్టును. కూర్చుండుటకే చోటు చాలని చోట నిద్ర యెక్కడిది? ఈ విధముగ ఒకే డ్రైవరు బిలాస్‌పూరును రెండు మారులు దాటును: మొదట లారీపై, పిదప రైలులో. రెండుమారులును ఆతని కన్ను ఎర్రగనే ఉండును.

బండి నడుపలేదు గనుక ఆ దినము విశ్రాంతి దినమని యజమాని తలచును, డ్రైవరును తలచును. కాని నిద్ర లెక్కలో అది పని దినమే. ఇల్లు చేరిన మరునాడే కొత్త బండి ఎక్కినవాడు పాత అప్పుతోనే బయలుదేరుచున్నాడు. కావున తిరిగి వచ్చిన పిదప కనీసము రెండు నిండు రాత్రులు నిద్రించి కాని మరల దూరపు బండి ఎక్కరాదు.

రైలు నడుపువాని విషయము పోల్చి చూడుడు. డ్యూటీకి ఎక్కునపుడు ఆతని శ్వాసను పరీక్షింతురు. దూర స్టేషనులో దిగినచో భోజనమునకు, నిద్రకు రన్నింగు రూము ఉండును. నియమిత కాలమున కన్నులను, దేహమును పరీక్షింతురు. ఒకే పట్టణము మీదుగ రెండు దారులు పోవుచుండగా, ఇనుప దారిని పోవువాని నిద్రకు విలువ కట్టి, తారు దారిని పోవువాని నిద్రను గాలికి విడుచుట న్యాయము కాదు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము దినమునకు 8 గంటల పనిని, అయిదు గంటల పనికి మించకుండ అరగంట విరామమును, రెండు పనిదినముల నడుమ వరుసగ 9 గంటల విశ్రాంతిని విధించినది. 2025 నవంబరులో ఆ చట్టము స్థానమున వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల స్మృతి అమలులోనికి వచ్చినది. 8 గంటల సూత్రము అందును నిలిచియున్నది. కాగితముపైనున్న ఈ సూత్రము ఢాబా ముంగిట నులకమంచము వరకు చేరవలెను.

దేహమునకు ఇతర శ్రమలు

నడుము: లారీ స్ప్రింగులు బరువు మోయుటకు ఏర్పడినవి. సరకు లేని కొత్త బండిపై అవి వంగక, రోడ్డు కుదుపునంతయు డ్రైవరు వెన్నెముకకే చేర్చును. సీటును మోకాళ్లకు సరిపడునట్లు జరుపుకొని, నడుమునకు చుట్టిన దుప్పటి ఆనించుకొనవలెను. రెండు గంటలకొకసారి దిగి అయిదు నిమిషములు నడువవలెను.

ఎండ, నీరు: వేసవిలో బిలాస్‌పూర్ ప్రాంతమున ఎండ 45 డిగ్రీలకు చేరుట కలదు. తరచుగ దిగవలసి వచ్చునని నీరు త్రాగని డ్రైవర్లు కలరు. దీనివలన మూత్రపిండములలో రాళ్లు ఏర్పడును, వడదెబ్బ తగులును. ఓ.ఆర్.ఎస్. పొట్లము దొరకనిచో ఒక లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి త్రాగవచ్చును. చెంచాను తలకొట్టి కొలువవలెను. మాట తడబడి, దేహము కాలుచున్నవానిని వెంటనే నీడకు చేర్చి, తడిగుడ్డతో చల్లార్చి, 108కి కబురు చేయవలెను.

ఆహారము: అర్ధరాత్రి నూనె తేలు కూరలతో కడుపు నిండ తినినచో మగత పెరుగును. రొట్టె, పప్పు, ఆకుకూర, మజ్జిగ చాలును. మధుమేహమునకు మందు వాడువారు భోజనము తప్పించి బండి నడుపరాదు. చేతులు వణకి, చెమట పోసి, ఆకలి తీవ్రమైనచో బండి నిలిపి వెంటనే పంచదారయో బెల్లమో తినవలెను.

కన్ను: ఎదుటి బండి దీపపు వెలుగునకు కన్ను చెదరి చాలసేపటికి గాని సర్దుకొననిచో శుక్లము మొదలైనదేమో పరీక్ష చేయించుకొనవలెను. రవాణా లైసెన్సునకు కావలసిన వైద్య పత్రమును పరీక్ష లేకయే సంతకము చేయించుకొనుట తన కన్నును తానే మోసగించుకొనుట.

దాచరాని వ్యాధులు

గట్టిగ గురక పెట్టుచు, నడుమ ఊపిరి ఆగి ఉలికిపడి లేచువాడు ఎన్ని గంటలు పరుండినను నిద్ర తీరదు. ఇది వ్యాధి. దీనికి చికిత్స కలదు. రాత్రివేళ దీనిని చూడగలవారు ఇంటివారే గనుక వారే వైద్యునికి చెప్పవలెను.

రెండు వారములకు మించిన దగ్గు క్షయ కావచ్చును. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో కఫ పరీక్షయు, మందులును ఉచితము. ఊరూరు తిరుగువాడు మందు మానవలసిన పని లేదు. పేరు నమోదైన పిదప దేశములో వేరొక ప్రభుత్వ కేంద్రమునకు చికిత్స మార్చుకొనవచ్చును.

ఇంటికి దూరముగ ఉండు జీవితములో హెచ్.ఐ.వి. సోకు అవకాశమును కలదు. నిరోధము వాడుట రక్షణ. అనుమానమున్నచో పరీక్ష, వ్యాధి తేలినచో మందులు, రెండును ప్రభుత్వ కేంద్రములలో ఉచితమే. 2017 నాటి చట్టము రోగి వివరములను గోప్యముగ ఉంచుటకు, ఆతని పట్ల వివక్ష చూపకుండుటకు ఏర్పడినది.

మనమందరము చేయవలసినది

యజమానులు గడువు నిర్ణయించునపుడు కిలోమీటర్లతో పాటు రాత్రులను లెక్కింపవలెను. తిరుగు ప్రయాణమునకు పరుండి వచ్చుటకు వీలగు టిక్కెట్టు ఇప్పించుట దానధర్మము కాదు, బండికి చేయించు భీమా వంటిదే. ఢాబా నడుపువారు నీడను, దోమతెరను, శుభ్రమైన నీటిని సమకూర్చవలెను. ఇంటివారు, దారిలోనున్న డ్రైవరుతో ఫోనులో మాటలాడునపుడు "ఎప్పుడు వచ్చెదవు?" అని అడుగుటకు ముందు "నిన్న ఎంతసేపు నిద్రించితివి?" అని అడుగవలెను.

దారిన పోవువారు ప్రమాదము చూచినచో 108కి గాని, జాతీయ రహదారిపై 1033కి గాని తెలుపవలెను. గాయపడినవానికి సహాయము చేసినవారిని బాధింపరాదని 2019 సవరణతో మోటారు వాహనముల చట్టములో స్పష్టమైన రక్షణ ఏర్పడినది.

డ్రైవరు సోదరులకు ఒక మాట. బండి ఒకనాడు ఆలస్యముగ చేరినచో యజమాని కోపించును. ఆ కోపము మరునాటికి తీరును. కునుకుపాటులో పోయిన ప్రాణము, అది మీదైనను దారిన పోవు పరులదైనను, మరల రాదు. రైలు కాలనీలో పగటివేళ ఒక ఇంటి తలుపు మూసి, పిల్లలను మెల్లగ మాటలాడుడని తల్లి హెచ్చరించినట్లు, లారీ డ్రైవరు ఇంటను ఆ నిశ్శబ్దమును పాటింతురు గాక.